పెళ్ళిచూపుల్లో ఎర్తింగు

మా ఇంట్లో ఫ్రిజ్ తలుపు తియ్యాలంటే చెప్పులేసుకోవాలి. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఉన్న ఆచారం ఇది. దేవుడి గదిలోకి చెప్పులు విడిచి పోవాలి, ఫ్రిజ్ దగ్గరికి చెప్పులేసుకొని పోవాలి. ఈ రెండు మాటలూ మా అమ్మ ఒకే గొంతుతో చెప్పేది. అందుకని ఫ్రిజ్ పక్కన ఎప్పుడూ ఒక జత హవాయి చెప్పులుండేవి. అవి ఇంటిల్లిపాదివీ కాబట్టి ఎవరి పాదానికీ సరిపోయేవి కావు.

షాక్ కొట్టడంలో కూడా మాకు రకాలుండేవి. మామూలు రోజుల్లో వేలికి చీమ కుట్టినట్టుండేది. ఇల్లు కడిగిన రోజు, ముసురు పట్టిన రోజు మోచేతి దాకా జివ్వుమనేది. "ఈపొద్దు ఫ్రిజ్జు కొడతాండాది, చూసుకో" అని అమ్మ పొద్దున్నే హెచ్చరించేది, బయట ఎండ ఎక్కువగా ఉందని చెప్పినట్టు. నాయనకు కొడితే చెయ్యి ఒకసారి విదిలించుకొని, మజ్జిగ చెంబు తీసుకొని, ఏమీ జరగనట్టు వచ్చి కూర్చునేవాడు.

ఇందులో విశేషమేమిటంటే, డోన్ బజారులో మా నాయనది ఎలక్ట్రికల్ సామాన్ల అంగడి. వైర్లు, స్విచ్చులు, ఫ్యాన్లు, బోరు మోటార్ల స్టార్టర్లు, అన్నీ దొరుకుతాయి. ఊళ్ళో సగం ఇళ్ళకు ఎర్తింగు వైరు, అంటే ఆ పచ్చరంగు చుట్టలు, మా అంగడి నుంచే పోయాయి. పచ్చ వైరు ఎందుకని ఎవరైనా అడిగితే, కరెంటు దారి తప్పి రేకులోకి వస్తే మనిషిని వదిలేసి భూమిలోకి పోయేదానికి అని నాయన చక్కగా వివరించేవాడు. విన్నవాళ్ళు కొనుక్కొని పోయేవాళ్ళు. చెప్పినాయన ఇంటికొచ్చి చెప్పులేసుకొని ఫ్రిజ్ తీసేవాడు.

మా ఇంటి వైరింగ్ చేసిన భాయ్ నాయనకు చిన్ననాటి స్నేహితుడు. చాలా మంచివాడు. నేను చదువుకునే రోజుల్లో ఒకసారి ఫ్రిజ్ సంగతి ఆయనకు చెప్పాను. ఆయన దాన్ని వేలి వెనకభాగంతో ముట్టి చూసి, ఇనప వస్తువన్నాక ఆ మాత్రం కొట్టకుండా ఉండదని, చెక్కతో చేసిన ఫ్రిజ్ ఇంకా రాలేదని అన్నాడు. ఆయనా నాయనా బాగా నవ్వుకున్నారు. నాకూ నవ్వొచ్చింది.

నేను కర్నూలులో డిగ్రీ చదివి వచ్చి, మా ఊళ్ళోనే ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పుకుంటున్నప్పుడు కడప నుంచి ఒక సంబంధం వచ్చింది. మా వాళ్ళే. తండ్రి లేడు, తల్లీ కొడుకూ ఉంటారు. అబ్బాయి కరెంటాఫీసులో ఇంజినీరు. నాయనకు ఆ మాట వినగానే పెళ్ళి అయిపోయినంత సంతోషం కలిగింది. మనమూ కరెంటే, వాళ్ళూ కరెంటే అని కనిపించినవాళ్ళందరికీ చెప్పాడు.

చూడటానికి వాళ్ళు మే నెలలో వచ్చారు. అమ్మ పొద్దున్నే ఇల్లంతా కడిగించింది. మాది బేతంచెర్ల బండలు పరిచిన ఇల్లు. కడిగితే అద్దంలా ఉంటుంది, ఆ తడి కూలర్ చుట్టుపక్కల మాత్రం ఒక పట్టాన ఆరదు. వచ్చినవాళ్ళెవరూ ఫ్రిజ్ తలుపు ముట్టుకునే అవసరం రాకుండా చల్లనీళ్ళు, రసాలు, మామిడి ముక్కలు ముందే బయటికి తీసి సర్దింది. ఆ చెప్పుల జతను మంచం కిందికి తోసేసింది. ఇంత ముందుచూపున్న మనిషికి కూలర్ సంగతి తట్టలేదు. మాది రేకు కూలర్. అది నడుస్తున్నప్పుడు తిప్పాలంటే మేము చీపురుకట్ట తిరగేసి తోసేవాళ్ళం. అది మాకెంత అలవాటంటే, కొత్తవాళ్ళకు చెప్పాలని కూడా అనిపించలేదు.

అబ్బాయి, వాళ్ళమ్మ, వాళ్ళ చిన్నాయన వచ్చి కూర్చున్నారు. నేను కాఫీ గ్లాసులు తెచ్చి ఇచ్చి, అమ్మ పక్కన నిలబడ్డాను. గాలి తనకు తగలడం లేదని వాళ్ళమ్మ కొంగుతో విసురుకుంటోంది. అబ్బాయి తల్లి మీద ప్రేమ కలవాడు. లేచి, వట్టికాళ్ళతో ఆ తడి బండల మీదికి పోయి, కూలర్‌ను రెండు చేతులా పట్టుకొని ఆమె వైపు తిప్పబోయాడు.

అరవలేదు. చేతులు మాత్రం మంటను ముట్టుకున్నట్టు వెనక్కి తీసుకున్నాడు. కొంచెంసేపు తన అరచేతులనే చూసుకుంటూ నిలబడిపోయాడు.

"కొట్టినాదా?" అన్నాడు నాయన, కూర్చున్న చోటి నుంచి కదలకుండా. "కొంచెం కొడతాది. ఏం గాదు, రా అప్పా, కూచో."

ఇంట్లో కుక్క మొరిగితే వచ్చినవాళ్ళతో ఇలాగే అంటారు. అబ్బాయి కూర్చోలేదు. అతను మా ఇంట్లో పలికిన మొదటి మాట, "మెయిన్ యాడుంది?"

నాయన వరండా వైపు చెయ్యి చూపించాడు. అతను పోయి మెయిన్ ఆపేశాడు. మే నెల, మిట్టమధ్యాహ్నం, డోన్‌లో. ఫ్యాన్లు ఆగిపోయాయి, కూలర్ ఆగిపోయింది, చిన్నాయనగారి చేతిలో మామిడి ముక్క ఆగిపోయింది. అబ్బాయి జేబులో పెన్నుల మధ్య నుంచి ఒక టెస్టర్ తీశాడు. పెళ్ళిచూపులకు టెస్టర్ పెట్టుకొని వచ్చిన మనిషిని మా వీధిలో ఎవరూ చూసి ఉండరు. మా వానికి ఈ పిచ్చి చిన్నప్పటి నుంచీ ఉందని, ఏమీ అనుకోవద్దని వాళ్ళమ్మ మా అమ్మను బతిమాలుకుంది.

మీటరు పెట్టె దగ్గర మొదలుపెట్టి అతను ఇల్లంతా తిరిగాడు. మీటరు నుంచి పచ్చ వైరు ఒకటి గోడ వెంబడి పెరట్లోకి పోయి ఉంది. దాన్ని పట్టుకొని పోయాడు. వెనకాలే నాయన. వాళ్ళ వెనక, పనేమీ లేకపోయినా, నేను. ఆ వైరు పోయి పోయి పెరటి కుళాయి గొట్టానికి చుట్టి ఉంది. ఇల్లు కట్టినప్పుడు అది ఇనప గొట్టం, భూమిలోకి దిగి ఉండేది. తుప్పు పట్టి కారుతోందని ఎప్పుడో దాన్ని తీసేసి ప్లాస్టిక్ గొట్టం వేయించాడు నాయన. వేసినవాళ్ళు ఆ వైరును పారెయ్యడం ఎందుకని జాగ్రత్తగా మళ్ళీ ప్లాస్టిక్‌కే చుట్టి పెట్టారు.

"మీ ఇంటికి ఎర్తింగు లేదు" అన్నాడు అబ్బాయి.

"లేకపోవడమేందప్పా? ఊరికంతా నేనే అమ్ముతాండా."

అతను ఆ వైరు కొసను ప్లాస్టిక్ గొట్టం మీది నుంచి విప్పి చూపించాడు. దేశమంతటికీ ఢిల్లీలో రాసిపెట్టిన విద్యుత్ భద్రతా నియమాలున్నాయని, వాటి ప్రకారం ఇంట్లో రేకు తొడుగున్న ప్రతి సామానూ భూమికి కలిపి ఉండాలని, కరెంటు కాస్త లీకైనా తనంతట తానే ఆగిపోయే ట్రిప్పర్ పెట్టుకోవాలని, చాలా మర్యాదగా, పాఠం చెప్పినట్టు చెప్పాడు. నాయన చేతులు కట్టుకొని విన్నాడు. ఆ ట్రిప్పర్లు కూడా మా అంగట్లో ఉన్నాయి. పై అరలో, అట్టపెట్టెల్లో, అడిగేవాళ్ళు లేక.

తర్వాత అతను నా వైపు తిరిగాడు. "ఫ్రిజ్ తీసేటప్పుడు మీకు కొడతాదా?"

"చెప్పులేసుకుంటే కొట్టదు" అన్నాను.

అప్పుడు నన్ను చూశాడు. అంతవరకూ చూడలేదని నాకు తెలుసు. పెళ్ళిచూపుల్లో ఆడపిల్లను రకరకాలుగా చూస్తారని స్నేహితురాళ్ళు చెప్పి ఉన్నారు. ఇన్నాళ్ళు బతికి ఉన్నందుకు ఆశ్చర్యపోతూ చూస్తారని మాత్రం ఎవరూ చెప్పలేదు. నాకెందుకో ఆ చూపు నచ్చింది.

వారం తిరక్కముందే కబురొచ్చింది. అమ్మాయి నచ్చింది, వాళ్ళకేమీ వద్దు, కానీ అబ్బాయి ఒక్కటి అడుగుతున్నాడు: పెరట్లో గుంత తవ్వించి ఇంటికి ఎర్తింగు చేయించాలి. నాయన ముఖం మాడ్చుకున్నాడు. అల్లుడిగా వచ్చాడా, ఇన్‌స్పెక్టరుగా వచ్చాడా అని రెండు పూటలు గొణిగాడు. ఈలోపల వార్త వీధిలోకి పోయింది. అబ్బాయి తరఫువాళ్ళు ఏదో అడిగారట అనేది అందరికీ తెలిసిపోయింది, ఏమడిగారో మాత్రం తెలియలేదు. పక్కింటి పెద్దమ్మ వచ్చి, ఎర్తింగంటే కొత్తగా వచ్చిన కారేమో అనుకొని, అది ఎంతమంది కూర్చునేదని అమ్మను అడిగింది.

చివరికి తేల్చింది అమ్మే. "గుంత అడిగినాడు గదా, కొండ అడగల్యా. తవ్వించు" అంది నాయనతో.

తవ్వడం అనుకున్నంత సులువుగా సాగలేదు. మా ఊళ్ళో పైన ఒక పొర మట్టి, కింద అంతా బండ. ఇద్దరు మనుషులు గడ్డపారలతో కొట్టీ కొట్టీ, ఇక్కడ గుంతకన్నా గని తవ్వుకోవడం మేలన్నారు. ఎలాగో మనిషి లోతు దిగారు. ఇనప గొట్టం దింపి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలుపొరలుగా పోసి, పైన నీళ్ళు పోసేదానికి గరాటు పెట్టి, పక్కన సిమెంటు కట్టారు. సామానంతా మా అంగడిదే. నాయన తన సామాను తానే కొనుక్కున్నవాడిలా దిగులుగా తిరిగాడు.

ఆదివారం నాడు అబ్బాయి కొలిచే మీటరు తీసుకొని స్వయంగా వచ్చాడు. పెళ్ళి కుదరకముందే ఆడపిల్లవాళ్ళింటికి రావడమేమిటని ఎవరూ అనలేకపోయారు, ఆఫీసు పనిలాంటిది కాబట్టి. వచ్చిన మనిషి నాతో రెండు మాటలు, గుంతతో గంటసేపు గడిపాడు. కొలిచి తల అడ్డంగా ఊపాడు. నేల ఎండిపోయి ఉందని, ఎండిన మట్టి కరెంటును లోపలికి తీసుకోదని, ఎండాకాలమంతా రోజూ ఒక బిందె నీళ్ళు పొయ్యాలని చెప్పాడు.

అమ్మ అంతవరకూ అతని మాటకు ఎదురు చెప్పలేదు. నీళ్ళ మాట వచ్చేసరికి ముందుకొచ్చింది. మాకు కుళాయి రోజు విడిచి రోజు వచ్చేది, వచ్చినప్పుడు కూడా సన్నగా దారంలా. మిగతాదంతా ట్యాంకరు.

"మనుషులు తాగేదానికే ల్యాకుండాయి నీల్లు. కరెంటుకు గూడా దప్పికైతాదా నాయనా?" అంది.

అతను రూల్సు చెప్పబోయాడు. ఢిల్లీలో ఆ రూల్సు రాసినవాళ్ళింట్లో కుళాయి ఎప్పుడొస్తుందో కనుక్కొని చెప్పమంది అమ్మ. అతను ఆలోచనలో పడ్డాడు. నిజంగానే ఆలోచించాడు, మొహమాటానికి కాదు. మంచినీళ్ళే కానక్కర్లేదు, గిన్నెలు కడిగిన నీళ్ళయినా, బియ్యం కడిగిన నీళ్ళయినా సరేనన్నాడు. ఆ మాటతో అమ్మకు అల్లుడు కుదిరిపోయాడు. ముహూర్తం పెట్టించడం తర్వాతి లాంఛనం.

ఇక ట్రిప్పర్. భాయ్ వచ్చి దాన్ని బిగించి, మెయిన్ వేశాడు. టక్కున పడిపోయింది. మళ్ళీ వేశాడు. మళ్ళీ పడిపోయింది. పాతికేళ్ళ నుంచి మా గోడల్లో ఎక్కడెక్కడ ఏ వైరు ఎవరికీ తెలియకుండా కారుతోందో అన్నీ దానికి తెలిసిపోయినట్టున్నాయి. కూలర్ వేస్తే పడిపోయేది. మిక్సీ వేస్తే పడిపోయేది. వాన మబ్బు పడితే, ఏమీ వెయ్యకపోయినా పడిపోయేది. భాయ్ రోజూ వచ్చి ఒక గదిలో ఒక గోడ పగలగొట్టి పోయేవాడు. సాయంత్రమైతే మేమంతా వరండాలో విసనకర్రలు పట్టుకొని కూర్చునేవాళ్ళం. వీధి వీధంతా లైట్లు వెలుగుతుంటే మా ఒక్క ఇల్లే చీకటి. కరెంటు సామాన్ల అంగడి శెట్టి బిల్లు కట్టలేదేమోనని దారిన పోయేవాళ్ళు అనుకునేవాళ్ళు.

ఒకరోజు నాయన ఆగలేకపోయాడు. "ముందర కొట్టినా కరెంటుండె. ఇప్పుడు కొట్టేదీ ల్యా, కరెంటూ ల్యా" అన్నాడు.

కానీ భాయ్ పట్టు వదల్లేదు. ఆయనకు అది పరువు సమస్య అయిపోయింది. గదులన్నీ అయిపోయాక ట్రిప్పర్ నిలబడింది. ఆరోజు అమ్మ వట్టికాళ్ళతో పోయి ఫ్రిజ్ తలుపు తీసింది. మూసి మళ్ళీ తీసింది. ఏమీ కాలేదు. ఆ చల్లగాలిలో అలాగే కొంచెంసేపు నిలబడి, "పాపం, ఏమన్ల్యా" అంది, ఫ్రిజ్‌ను ఉద్దేశించి. ఆ తర్వాత నెలలో నా పెళ్ళయింది.

కడపలో మాకు డిపార్టుమెంటు క్వార్టర్స్ ఇచ్చారు. పాత కట్టడం, ఎత్తైన గదులు, ముందు కొంచెం ఖాళీ జాగా. పక్క క్వార్టర్‌లో మా ఆయన పై అధికారి కుటుంబం. పెరట్లో సిమెంటు మూత వేసి, పచ్చ రంగు పూసి, నంబరు రాసిన ఎర్తింగు గుంత ఉంది. కాపురానికి పోయిన రోజే మా ఆయన దాన్ని నాకు చూపించాడు. కొందరు భర్తలు తులసికోట చూపిస్తారు.

మూడో రోజో నాలుగో రోజో, స్నానానికి గీజరు కుళాయి తిప్పబోతే నా చెయ్యి జివ్వుమంది. అది నాకు పాత పరిచయమే. బయటికొచ్చి చెప్పాను. ఆయన నమ్మలేదు. పుట్టింటి అలవాటు కొద్దీ అలా అనిపిస్తోందేమో అన్నాడు. నేను స్నానాల గది తలుపు తీసి పట్టుకున్నాను. ఆయనే లోపలికి పోయాడు. లోపల "హా" అని వినిపించింది. తర్వాత టెస్టర్ కోసం బయటికి వచ్చాడు.

పెరట్లో ఆ పచ్చ మూత ఎత్తి చూస్తే కింద ఏమీ లేదు. రాగి పట్టీని ఎవరో ఎప్పుడో కోసుకొని పోయారు. కోసిన మొదలు మట్టిలో చిలుము పట్టి ఉంది. గుంత ఎండి పగుళ్ళిచ్చి ఉంది. ఒక తొండ మాత్రం కాపురముంటోంది. పట్టీ కోసుకున్నవాళ్ళు మూతను జాగ్రత్తగా మూసి పోయారు, రంగు పూసినవాళ్ళు మూత మీదే పూసి పోయారు.

మా ఆయన నిజాయితీపరుడు. క్వార్టర్స్ ప్రభుత్వానివి కనుక అందులో మనం సొంతంగా గడ్డపార పెట్టకూడదన్నాడు. రూలు ప్రకారం ఫిర్యాదు ఇచ్చాడు. భవనాల పని చూసే సెక్షన్ వేరే ఉంది. వాళ్ళు వచ్చి చూశారు. మూత ఉంది, నంబరుంది. అంటే ఎర్తింగు ఉన్నట్టే, ఉన్నదాన్ని కొత్తగా మంజూరు చెయ్యడానికి వీల్లేదన్నారు. మూత తీసి చూడమని ఈయన అన్నాడు. మూత కింది భాగం తమ కిందికి రాదని, అది ఎలక్ట్రికల్ వాళ్ళదని, అంటే ఈయన వాళ్ళదేనని వాళ్ళన్నారు. ఎలక్ట్రికల్ వాళ్ళు చెయ్యాలంటే భవనాల వాళ్ళు ముందు లేదని ఒప్పుకోవాలి.

నేను బజారుకు పోయి ఒక జత హవాయి చెప్పులు కొనుక్కొచ్చి స్నానాల గది ముందు పెట్టాను. మా అత్త వాటిని ఒకసారి చూసింది. మరుసటి రోజు నుంచి వేసుకోవడం మొదలుపెట్టింది. ఆయనకు మాత్రం అవి కనిపించినప్పుడల్లా ముఖం చిన్నబోయేది. ఆ రోజుల్లోనే భద్రతా వారోత్సవాలొచ్చాయి. ఆయన రోజుకొక బడికి పోయి, ఎర్తింగు లేని ఇల్లు ఎంత ప్రమాదమో పిల్లలకు చెప్పి, మధ్యాహ్నం ఇంటికొచ్చి, ఆ చెప్పులు వేసుకొని చేతులు కడుక్కునేవాడు.

ఈ సంగతి నేను ఫోన్లో అమ్మకు ఒక్కదానికే చెప్పాను. శనివారం మధ్యాహ్నానికల్లా నాయన ఆటో దిగాడు. కూతురింటికి మొదటిసారి వచ్చే తండ్రి స్వీట్లు, పండ్లు తెస్తాడు. మా నాయన ఒక ఇనప గొట్టం, ఒక మూట బొగ్గు, ఒక మూట కల్లుప్పు, ఒక చుట్ట పచ్చ వైరు, ఒక ట్రిప్పర్ తెచ్చాడు. ఒక చిన్న డబ్బాలో పాలకోవా కూడా ఉందిగానీ, దాన్ని ఇవ్వడం మర్చిపోయాడు.

నీళ్ళు తాగి, అల్లుడి పక్కన కూర్చొని, నెమ్మదిగా అడిగాడు. "మీ ఇంట్లో కొడతాండాదంట గదా?"

"కొంచెం, మామా. ఏం గాదు" అన్నాడు మా ఆయన.

నాయన నవ్వలేదు. అది ఆయన గొప్పతనమని నేనిప్పటికీ అనుకుంటాను. ఆదివారం పొద్దున్నే లుంగీ మడిచి కట్టుకొని పెరట్లోకి పోయాడు. పర్మిషన్ లేకుండా తవ్వకూడదని మా ఆయన వెనకాలే చెప్తూ పోయాడు, గడ్డపార మాత్రం తన చేతిలోనే ఉంది. ఇద్దరూ కలిసి పాత గుంతకు కొంచెం ఎడంగా, రెండు క్వార్టర్స్‌కు మధ్య గోడ పక్కన తవ్వడం మొదలుపెట్టారు. రూల్సు అమలు చెయ్యడం కోసం రూల్సు తప్పుతున్న మనిషి ఎలా ఉంటాడో నేను అప్పుడే చూశాను. ప్రతి పోటుకూ ఒకసారి తలెత్తి గోడ వైపు చూసేవాడు.

అనుకున్నట్టే గోడ మీదుగా పై అధికారి తల కనిపించింది. "ఏం తవ్వుతాండారప్పా పొద్దున్నే?"

మా ఆయన గడ్డపారను వెనక్కి దాచుకున్నాడు. నాయన ఏ మాత్రం తడబడకుండా, కూతురి కోసం దానిమ్మ చెట్టు పెడుతున్నామన్నాడు. అధికారి చాలా సంతోషించాడు. క్వార్టర్స్‌లో అందరూ ఇలా చెట్లు పెంచితే ఎంత బాగుంటుందని చెప్పి, లోపలికి పోయి ఒక పార కూడా అందించాడు. అందుకని గుంత పూడ్చి, గొట్టం చుట్టూ సిమెంటు కట్టాక, నాయన నర్సరీకి పోయి నిజంగానే ఒక దానిమ్మ మొక్క తేవాల్సి వచ్చింది. ఉప్పు తగలకుండా కొంచెం దూరంగా నాటారు.

మీటరు పెట్టి కొలిస్తే మా ఆయన తన కళ్ళను తాను నమ్మలేకపోయాడు. ఆయన ఉద్యోగంలో అంత మంచి రీడింగ్ ఎప్పుడూ చూడలేదట. డోన్‌లో అమ్మ రోజూ గిన్నెల నీళ్ళు పోసినా అందులో సగం మంచిగా కూడా రాలేదు. ఇక్కడ చుక్క నీళ్ళు పొయ్యకుండానే మట్టి చల్లగా, నల్లగా, తడిగా ఉంది. ఎందుకో వెతికితే సాయంత్రానికి తెలిసింది. పై అధికారి ఇంటి మురుగు గొట్టం ఒకటి గోడ కింద పగిలి, లోపల్లోపలే మా వైపుకు కారుతోంది. దాన్ని బాగు చేయించమని ఫిర్యాదు ఇవ్వాలని మా ఆయన అంతకుముందు ఒకటి రెండుసార్లు అనుకున్నాడు. ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు.

నాయన సోమవారం రైలుకు వెళ్ళిపోయాడు. అంగట్లో ఇప్పుడు ట్రిప్పర్లను పై అరలో నుంచి దింపి, మనిషి కంటికి ఆనేటట్టు పెట్టాడని, కొనకపోతే కస్టమరు మీద కోప్పడుతున్నాడని అమ్మ చెప్పింది. దానివల్ల వ్యాపారం కొంచెం తగ్గిందట. మా స్నానాల గది ముందున్న చెప్పులను అత్త పనిమనిషికి ఇచ్చేసింది.

దానిమ్మ ఏపుగా పెరిగింది. కాయలు ఎర్రగా, బరువుగా, కొమ్మలు వంగిపోయేటట్టు కాసింది. మొదటి కాపులో మంచివి ఏరి పళ్ళెంలో పెట్టుకొని పక్కింటికి నేనే తీసుకొని పోయాను. అధికారి భార్య ఒక గింజ నోట్లో వేసుకొని, తమ పెరట్లో ఎన్నిసార్లు నాటినా ఇట్లాంటిది బతకలేదని, ఏం ఎరువు వేస్తున్నావమ్మా అని అడిగింది.

ఎరువేమీ లేదండీ, ఇక్కడ నేల మంచిది, అన్నాను.